కారు కబుర్లు: డైనో ఎక్కిస్తే 140 కాస్తా 112 అయింది!

ప్రశ్న: నమస్తే సార్. నాది పోలో జీటీ టీఎస్‌ఐ, 1.2 టర్బో పెట్రోల్, డీఎస్‌జీ ఆటోమేటిక్ గేర్‌బాక్స్. పోయిన దీపావళికి ఒకతను లాప్‌టాప్ తగిలించి అరగంటలో రీమ్యాప్ (ఇంజన్ కంప్యూటర్‌లో ప్రోగ్రామ్ మార్చడం) చేసేసి 140 హార్స్‌పవర్ గ్యారంటీ అన్నాడు, పాతిక వేలు తీసుకున్నాడు. జనవరిలో బెంగళూరు వెళ్లినప్పుడు డైనో (బండి పవర్ కొలిచే యంత్రం) ఎక్కిస్తే మొదటిసారి 112, రెండోసారి 108, మూడోసారి 103 వచ్చింది. నన్ను ముంచేశాడా సార్? (బ్రాడీపేట, గుంటూరు)

జవాబు: సగం ఆయన ముంచాడు, సగం మీరే మునిగారు, ఏమనుకోకండి. రీమ్యాప్‌కి ముందు ఒక్కసారి కూడా డైనో ఎక్కించలేదు కదా, ఇప్పుడు ఈ 112ని దేంతో పోలుస్తారు? డైనో అంటే కాటా అండీ. గుంటూరు వాళ్లకి మిర్చి యార్డు సంగతి నేను చెప్పాలా, ఒకే టిక్కీ రెండు కాటాల మీద రెండు రకాలుగా తూగుతుంది. అందుకే అదే డైనో, అదే రోజు, అదే పెట్రోల్, ముందోసారి తర్వాతోసారి, అలా చూస్తేనే లెక్క.

140 అనేది ఇంజన్ దగ్గర లెక్క, డైనో చూపించేది చక్రాల దగ్గర లెక్క. మధ్యలో గేర్‌బాక్స్, యాక్సిల్, రోలర్ మీద నలిగే టైర్లు అన్నీ కలిసి పది పదిహేను శాతం తినేస్తాయి. 112ని వెనక్కి లెక్కేస్తే ఇంజన్ దగ్గర 124 నుంచి 132 మధ్యలో పడుతుంది. కంపెనీ ఇచ్చింది 105 పీఎస్ (దాదాపు హార్స్‌పవరే) పవర్, 175 న్యూటన్ మీటర్ల టార్క్ (ఇంజన్ తిప్పే బలం). అంటే బండి పవర్ పెరిగినట్టే కనిపిస్తోంది, 140 మాత్రం ఉత్త కోతలే.

ఆ 112లో కూడా ఒక మెలిక ఉంది. బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్ల ఎత్తున ఉంది, గాలి పలచన, అందుకని డైనో సాఫ్ట్‌వేర్ కరెక్షన్ ఫ్యాక్టర్ అని ఒకటి గుణించి ఇస్తుంది. టర్బో (గాలిని నొక్కి ఇంజన్లోకి పంపేది) లేని బండికి అది న్యాయమే. టర్బో బండిలో మాత్రం ఈసీయూ (ఇంజన్ కంప్యూటర్) తనకి కావాల్సిన బూస్ట్ (గాలి ఒత్తిడి) వచ్చేదాకా వేస్ట్‌గేట్ (టర్బోకి పోయే పొగని పక్కకి వదిలే తలుపు) మూసిపెట్టి టర్బోని ఇంకాస్త తిప్పుకుంటుంది, పలచన గాలిని చాలావరకు అదే సర్దేసుకుంటుంది, దాని మీద మళ్లీ 1.10తో గుణిస్తే లేని పవర్ కాగితం మీదకొస్తుంది. మీ కాగితం కింద చిన్నక్షరాల్లో ఆ ఫ్యాక్టర్ ఎంతుందో చూడండి.

నన్నడిగితే మీరు పట్టించుకోవాల్సింది 112 కాదు, 112 నుంచి 103కి జారడం. రన్ రన్‌కీ ఇంటర్‌కూలర్ (టర్బో నుంచి వచ్చే వేడి గాలిని చల్లబరిచేది) వేడెక్కుతుంది, లోపలికెళ్లే గాలి వేడెక్కుతుంది, సిలిండర్లో నాక్ (పెట్రోల్ అదుపు తప్పి తనంతట తనే పేలడం) మొదలవుతుంది, నాక్ సెన్సర్ అది పసిగట్టగానే ఈసీయూ ఇగ్నిషన్ టైమింగ్ (స్పార్క్ పడే సమయం) వెనక్కి లాగుతుంది, పవర్ పడిపోతుంది. నేనొకసారి ఒక డైనో దగ్గర నిలబడి చూశా, బండిని పట్టీలతో నేలకి బిగించారు, ఎదురుగా పెద్ద ఫ్యాను పెట్టారు, తీరా చూస్తే ఫ్యాను గాలంతా బంపర్‌కి కాదు, పక్కన కుర్చీలో కూర్చున్న కుర్రాడికి తగుల్తోంది! లాప్‌టాప్‌లో ఇన్‌టేక్ ఉష్ణోగ్రత మొదటి రన్‌లో 38, మూడో రన్‌కి 61. మీ దగ్గర కూడా అదే జరిగి ఉంటే మ్యాప్ తప్పు కాకపోవచ్చు, కానీ జనవరిలో బెంగళూరులోనే ఇలా జారిందంటే మే నెలలో బెంజ్ సర్కిల్ సిగ్నల్ దగ్గర ఏంటి పరిస్థితి? రోహిణి కార్తెలో రోళ్లే పగులుతాయంటారు, ఇంటర్‌కూలర్ ఓ లెక్కా.

ఇప్పుడేం చేయాలంటే, ట్యూనర్ని పాత ఫైల్ తిరిగి వేసివ్వమనండి, దాంతో రెండు మూడు రన్‌లు, కొత్తదాంతో రెండు మూడు రన్‌లు, మధ్యలో ఇంజన్ చల్లారనివ్వాలి. కాగితం ఒక్కటే తెచ్చుకోకుండా బూస్ట్, ఇన్‌టేక్ ఉష్ణోగ్రత, టైమింగ్ ఎంత వెనక్కి లాగింది, గాలి పెట్రోల్ నిష్పత్తి, ఈ నాలుగింటి లాగ్ అడగండి. మామూలు పెట్రోల్‌కి 14.7 (కిలో పెట్రోల్‌కి అన్ని కిలోల గాలి) అనేది లెక్క ప్రకారం సరిపడా మండే నిష్పత్తి, ఫుల్ బూస్ట్‌లో 12 అటూఇటూ ఉంచుతారు, అదనపు పెట్రోల్ లోపల చల్లబరుస్తుంది. మన బంకుల్లో ఇప్పుడు ఈ20 (ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్) కదా, ఇథనాల్ వల్ల ఆ 14.7 కాస్తా కిందకి దిగుతుంది, కాబట్టి లాంబ్డాలో (ఏ పెట్రోల్‌కైనా సరిపడా నిష్పత్తిని 1 అనుకుని చెప్పే లెక్క) చూపించమంటే గొడవ ఉండదు. మంచి ట్యూనర్ టైమింగ్ ఒక్కో డిగ్రీ పెంచుతూ పోతాడు, డిగ్రీ ఇచ్చినా టార్క్ పెరగలేదంటే అక్కడే ఆగుతాడు, నాక్ ముందే వస్తే ఇంకా ముందే ఆగుతాడు. అది అరగంటలో అయ్యే పని కాదు.

అన్నట్టు మీ డీఎస్‌జీ డ్రై క్లచ్ (నూనెలో మునగని క్లచ్) రకం, దాని టార్క్ పరిమితి 250 న్యూటన్ మీటర్లు. హెచ్‌పీ ఎంతని కాదు, టార్క్ ఎంతకి పెట్టావని అడగండి.

ప్రశ్న: డైనో గ్రాఫ్‌లో పవర్, టార్క్ గీతలు రెండూ 5252 ఆర్‌పీఎం దగ్గర కలవాలంటారు, మా బావ బండి గ్రాఫ్‌లో కలవలేదు. డైనో చెడిపోయిందా? (పటమట, విజయవాడ)

జవాబు: డైనో బానే ఉంది. హార్స్‌పవర్ అంటే నిమిషానికి 33,000 ఫుట్ పౌండ్ల పని, దాన్ని 2 పైతో భాగిస్తే వచ్చేదే ఆ 5252. టార్క్ పౌండ్ ఫుట్‌లో వేస్తేనే అక్కడ కలుస్తాయి. మనవాళ్లు న్యూటన్ మీటర్లు, పీఎస్ వేస్తారు, అలా వేస్తే సుమారు 7020 దగ్గర కలవాలి, మీ బావ గారి ఇంజన్ అంతదాకా తిరిగితే కదా.

ప్రశ్న: నా డీజిల్ స్విఫ్ట్‌కి ట్యూనింగ్ బాక్స్ పెట్టించా. పికప్ అదిరింది కానీ కాజ టోల్ దాటి తొక్కితే వెనకాల నల్లపొగ. డైనో ఎక్కిస్తే సెట్ అవుతుందా? (మంగళగిరి)

జవాబు: డైనో ఏదీ సెట్ చెయ్యదండీ, ఉన్నది చూపిస్తుంది. మీకైతే చూపించక్కర్లేదు కూడా, పొగే చెప్తోంది. ఆ బాక్స్ రైల్ ప్రెషర్ (ఇంజెక్టర్లకి వెళ్లే డీజిల్ ఒత్తిడి) తక్కువుందని ఈసీయూకి అబద్ధం చెప్తుంది, అది నమ్మి ప్రెషర్ పెంచుతుంది, డీజిల్ ఎక్కువ పడుతుంది, గాలి మాత్రం అంతే, మండనిదంతా పొగ. లోపల వేడి పెరిగి ముందు దెబ్బ తినేది టర్బోనే. పైగా 2019 సవరణ తర్వాత మోటారు వాహనాల చట్టం 182ఎ కింద అనుమతి లేని మార్పు ఒక్కోదానికి ఐదు వేల జరిమానా, ఆరు నెలల దాకా జైలు కూడా ఉంది. ఆ బాక్స్ పీకేసి ప్లగ్ మళ్లీ సెన్సర్‌కి తగిలించండి, పది నిమిషాల పని.