అడగండి చెబుతాం: నేల కదిలిన ఊళ్లకి ఏం పంపాలి?

ఫిలిప్పీన్స్ భూకంపాల మీద ఈసారి ఉత్తరాలు బాగానే వచ్చాయి. మన జిల్లాల పిల్లలు అక్కడ మెడిసిన్ చదువుతున్నారు కదా, ఆ టెన్షన్ కొంత. మనకి తుఫాన్ల అనుభవం ఉంది కదా, ఆ సానుభూతి కొంత. అన్నిటికీ చోటు చాలదు కాబట్టి కొన్నిటికే జవాబు.

ప్రశ్న: మా అమ్మాయి దావావోలో మెడిసిన్ మూడో సంవత్సరం. అక్టోబరులో భూకంపం అని టీవీలో చూసిన దగ్గర్నుంచి నాకు నిద్ర లేదు. హాస్టల్ గోడలకి పగుళ్లొచ్చాయట. అడిగితే "ఏం కాలేదమ్మా" అంటుంది. వెనక్కి రప్పించెయ్యమంటారా? (ఒక తల్లి, టెక్కలి)

రప్పించే మాట తర్వాత, ముందు ఆ పగుళ్లని ఫోటో తీసి పంపమనండమ్మా. గోడ మీద పైపూత సన్నగా, జుట్టు మందాన చిట్లితే కంగారు పడక్కర్లేదు. స్తంభానికో దూలానికో ఏటవాలుగా పగులు వచ్చినా, కిటికీ మూలల నుంచి ఇంటూ గుర్తులా చీలినా, లోపలి ఇనుము బయటికి కనబడుతున్నా ఆ భవనంలో ఒక్క రాత్రి కూడా పడుకోకూడదు. ఇంజనీరు చూసి సరే అన్నాకే లోపలికి వెళ్లాలి. హాస్టల్ వాళ్లు "ఏం పర్లేదు" అంటే చాలదు, కాగితం మీద రాసిమ్మని అడగమనండి.

2025 అక్టోబరు 10న పొద్దున వచ్చిన ఆ భూకంపం తీవ్రత 7.4. అయితే అది పుట్టింది దావావో నగరం కింద కాదు, అక్కడికి వంద కిలోమీటర్ల పైచిలుకు తూర్పున, మనాయ్ అనే ఊరి దగ్గర సముద్రంలో. అదే రోజు రాత్రి అదే వైపు ఇంకోటి 6.8తో వచ్చింది. అమ్మాయి మంచం కింద ఒక జత చెప్పులు, ఒక టార్చిలైటు ఎప్పుడూ ఉండాలి. కరెంటు పోయిన చీకట్లో గాజుపెంకుల మీద ఒట్టికాళ్లతో పరిగెత్తి కాళ్లు కోసుకునేవాళ్లు చాలామంది. పాస్‌పోర్టు కాపీ మీ ఫోన్లో కూడా ఒకటి పెట్టుకోండి.

ప్రశ్న: మా కాలేజీలో బట్టలు, బియ్యం, దుప్పట్లు పోగు చేశాం. పన్నెండు బస్తాలయ్యాయి. ఫిలిప్పీన్స్‌లో భూకంపం దెబ్బతిన్న పల్లెలకి వీటిని ఎలా పంపాలి? (డిగ్రీ విద్యార్థులు, విజయనగరం)

పంపకండి. కోప్పడొద్దు, కారణం చెబుతా.

విజయనగరం నుంచి ఫిలిప్పీన్స్‌లో భూకంపం దెబ్బతిన్న సెబూ దీవికి ఆ పన్నెండు బస్తాలు చేర్చే ఖర్చుతో అక్కడి సంతలో అంతకు ఎన్నో రెట్లు బియ్యం కొనొచ్చు. వాళ్లూ అన్నం తినేవాళ్లే, వాళ్ల అంగళ్లలోనూ బియ్యం దొరుకుతుంది. ఇక పాత బట్టల సంగతి. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను తర్వాత సోంపేట, కవిటి వైపు తిరిగినవాళ్లకి గుర్తుండే ఉంటుంది, బడి వరండాల్లో పాత చీరలు, చిరిగిన ప్యాంట్లు గుట్టలు పడి వానకి తడిసి కంపు కొట్టాయి. ఎవరూ ముట్టుకోలేదు, ముట్టుకోకపోవడం వాళ్ల తప్పు కాదు.

భూకంపం తర్వాత పల్లెకి మొట్టమొదట కావాల్సింది నీళ్లు. భూమి ఊగితే పైపులు విరుగుతాయి, బావినీళ్లు బురదవుతాయి, కొన్ని బోర్లు ఎండిపోతాయి కూడా. తాగడానికి, వంటకి, ఒంటికి కలిపి మనిషికి రోజుకి కనీసం 15 లీటర్లు ఉండాలని సహాయ సంస్థల లెక్క. ఐదుగురున్న ఇంటికి 75 లీటర్లు. ఐదు వేల లీటర్ల ట్యాంకరు నిండుగా వెళ్లినా అరవై ఆరు ఇళ్లకి ఒక్కరోజే వస్తుంది. మర్నాడు మళ్లీ వెళ్లాలి. ఒక్క ట్రిప్పు తోలి ఫోటో దిగి వచ్చేస్తే కుదరదన్నమాట.

తర్వాత బరకాలు. మన రైతులు ధాన్యం కుప్పల మీద కప్పుకునే బరకం లాంటివే, నాలుగు మీటర్ల వెడల్పు, ఆరు మీటర్ల పొడవువి. అక్కడి ప్రభుత్వం ఇచ్చే తిండి పెట్టెలో ఇంటికి ఆరు కిలోల బియ్యం, చేపల డబ్బాలు, మాంసం డబ్బాలు, కాఫీ పొడి పొట్లాలు ఉంటాయి. రెండు మూడు రోజులకి సరిపోతుంది. కానీ గోడ కింద గిన్నెలన్నీ నలిగిపోయిన ఇంటికి బియ్యమిస్తే దేంట్లో వండుకుంటారు? మూతున్న నీళ్ల డబ్బా, గిన్నె, గరిటె, ఆడవాళ్లకి శానిటరీ ప్యాడ్లు, ముసలాళ్లకి బీపీ, షుగరు మాత్రలు. ఇవేవీ మన బస్తాల్లోకి ఎక్కవు, ఎందుకంటే పోగు చేసేవాళ్లకి కళ్ల ముందు కనబడేది బీరువాలో మిగిలిన బట్టలే.

అసలు చిక్కు మాత్రం సరుకుది కాదు, దారిది. 2019 అక్టోబరులో, దావావో ఉన్న మిందనావో దీవిలోనే, కోటబాటో వైపు రెండు వారాల్లో మూడు పెద్ద భూకంపాలు (6.3, 6.6, 6.5) వచ్చాయి. మకిలాలా, కిడపావన్ ప్రాంతాల్లో అపో కొండ పాదాల దగ్గర కొండచరియలు జారి లోపలి ఊళ్లకి దారులు పోయాయి. జనం పిల్లల్ని తీసుకుని హైవే పక్కకొచ్చి కూర్చుని పోయే బండ్లని నీళ్లడిగారు. దాతల బండ్లు అక్కడే ఆగి అక్కడే పంచాయి. రోడ్డు పక్కన కూర్చున్నవాళ్లకి మూడుసార్లు దొరికితే కొండమీద మిగిలిపోయినవాళ్లకి ఒక్కసారీ అందదు. తిత్లీలోనూ జరిగింది ఇదే కదా, మెయిన్ రోడ్డు ఊళ్లకి పులిహోర పొట్లాలు ఎక్కువై పారబోస్తుంటే తోటల్లో లోపలున్న ఊళ్లకి కొవ్వొత్తి కూడా అందలేదు.

అక్కడ మన పంచాయతీ లాంటిదాన్ని బరంగై అంటారు, దానికి ఎన్నికైన పెద్ద ఉంటాడు. ఎవరింట్లో బాలింత ఉంది, ఎవరింట్లో మంచం పట్టిన తాత ఉన్నాడు, ఆ లిస్టు అతని దగ్గర ఉంటుంది. అతన్ని పక్కనపెట్టి పంచితే గొడవ, అంతా అతనికే వదిలేస్తే వాళ్లవాళ్లకే ఇచ్చుకున్నాడని ఇంకో గొడవ. 2013లో బొహోల్ దీవి భూకంపమప్పుడు ఒక ఊరి మేయరు, సరుకులన్నీ తమ ద్వారానే పంచాలని పట్టుబడితే, నేరుగా ఇంటింటికీ ఇస్తామన్న రెడ్‌క్రాస్‌కీ ఆయనకీ చెడింది. నన్నడిగితే లిస్టు ఊరి పెద్దది, పంపకం బయటివాళ్లది, ఎవరికేం అందిందో బడి గోడ మీద అంటించడం, ఈ మూడూ కలిస్తేనే కొంత న్యాయం.

కాబట్టి మీ బస్తాల్లో బియ్యం మీ ఊళ్లోనే అనాథాశ్రమానికిచ్చెయ్యండి. డబ్బు పోగైతే ఫిలిప్పీన్ రెడ్‌క్రాస్ లాంటి చోటికి పంపండి. వాట్సాప్‌లో తిరిగే క్యూఆర్ కోడ్‌కి మాత్రం రూపాయి కూడా కొట్టొద్దు.

ప్రశ్న: ఇల్లు నిలబడే ఉంది, అయినా జనం వారాల తరబడి రోడ్డు మీద పడుకుంటున్నారు. అంత భయమెందుకు? (ఒక పాఠకుడు, బొబ్బిలి)

భయం కాదండీ, తెలివి. పెద్దది వచ్చాక చిన్నవి వందలు, ఒక్కోసారి వేలు వస్తాయి. మొదటి దెబ్బకి బీటలిచ్చిన గోడ పదో దెబ్బకి కూలుతుంది. 2025 సెప్టెంబరు 30న రాత్రి పది కావస్తుండగా సెబూ ఉత్తరాన బోగో దగ్గర 6.9 తీవ్రతతో వచ్చినప్పుడు డెబ్బై మందికి పైగా పోయారు. ఆ రాత్రి ఆస్పత్రిలోని రోగుల్నే మంచాలతో సహా బయటి ఆవరణలోకి తెచ్చి, సెలైన్ బాటిళ్లతో ఆరుబయట ఉంచారు. ఆస్పత్రే నమ్మకం లేనప్పుడు ఇల్లు ఎవడు నమ్ముతాడు? పాపం, వాళ్లింకా గుడారాల్లో ఉండగానే నవంబరు మొదట్లో కల్మేగీ తుఫాను అదే సెబూ మీద పడింది.

ప్రశ్న: తుఫానుకి పూరిల్లు ఎగిరిపోతుంది, స్లాబు నిలుస్తుంది. భూకంపానికి స్లాబే చంపేస్తుందంటారు. మరి పేదోడు ఏటి కట్టుకోవాలి? (ఒక కొబ్బరి రైతు, కవిటి)

ఈ నెల ఉత్తరాల్లో నాకు నచ్చిన ప్రశ్న ఇదే. ఫిలిప్పీన్స్ పల్లెలవాళ్లు కూడా ఇక్కడే ఇరుక్కున్నారు. వాళ్ల పాత ఇల్లు వెదురు స్తంభాలు, వెదురు తడిక గోడలు, ఆకుల కప్పు. భూకంపానికి ఊగుతుంది, వంగుతుంది, కూలినా మనిషి ప్రాణం పోవడం అరుదు. కానీ 2013 నవంబరు 8న యోలాండా లాంటి తుఫాను (మిగతా ప్రపంచం దాన్ని హయాన్ అంటుంది) వచ్చిందంటే పునాది మాత్రం మిగులుతుంది. అందుకని డబ్బు చేరగానే బోలు సిమెంటు ఇటుకలతో గోడలు లేపుతారు. ఇనుము ఖరీదని ఇటుకల మధ్య ఊచలు వెయ్యరు, వేసినా సన్నవి. గాలికి ఆ గోడ ఆగుతుంది, భూమి అడ్డంగా ఊగితే పలకల్లా విడిపోయి పడుకున్నవాళ్ల మీద పడుతుంది. మన దేశంలో 1993 లాతూరులో 6.2కే పదివేల మంది దాకా పోవడానికి కారణం మట్టితో పేర్చిన మందపాటి రాతి గోడలు.

మీకు చెప్పేది ఇది. ఇటుక ఇల్లే కట్టుకోండి, కానీ పునాది మీద ఒకటి, తలుపులు కిటికీల పైన ఒకటి, కప్పు కింద ఒకటి, ఇంటి చుట్టూ తెగకుండా ఇనుము వేసిన కాంక్రీటు పట్టీలు పొయ్యండి. నాలుగు మూలల్లో నిలువు ఊచలు పునాది నుంచి పైదాకా పోవాలి. మేస్త్రీ "మన వైపు భూకంపాలేవండీ" అని తగ్గించబోతాడు. తగ్గించనివ్వకండి, తుఫాను గాలికి కప్పు ఎగరకుండా పట్టుకునేవీ అవే.

ప్రశ్న: నేను డయాలసిస్ మీద ఉన్నాను. ఇలాంటి విపత్తుల్లో మాలాంటివాళ్ల గతేంటి? (ఒక పాఠకుడు, పలాస)

కిడ్నీ జబ్బులు ఎక్కువున్న ఉద్దానం వైపు నుంచి ఈ ప్రశ్న రావాల్సిందే. డయాలసిస్ యంత్రానికి కరెంటూ కావాలి, శుద్ధి చేసిన నీళ్లూ బోలెడు కావాలి, ముందు పోయేవి ఆ రెండే. పైగా శిథిలాల కింద గంటల తరబడి నలిగినవాళ్ల కండరాల నుంచి విషాలు రక్తంలోకి దిగి కిడ్నీలు ఆగిపోతాయి, వాళ్లకీ అప్పటికప్పుడు డయాలసిస్ కావాలి. అంటే యంత్రాలు తగ్గిన రోజే రోగులు పెరుగుతారు. మీ వరకు, ఎన్ని రోజులకోసారి చేయించుకుంటున్నారో, ఏ మందులో రాసిన చీటీ ఎప్పుడూ జేబులో ఉంచుకోండి. దగ్గర్లో ఇంకో సెంటరు ఎక్కడుందో ఇప్పుడే కనుక్కోండి. సెషన్ తప్పితే నీళ్లు, ఉప్పు ఎంత తగ్గించాలో మీ డాక్టర్ని ముందే అడిగి పెట్టుకోండి. ముఖ్యంగా, మంచినీళ్లు దొరకట్లేదని ఎవరో ప్రేమగా కొబ్బరిబోండం కొట్టిస్తారు. వద్దనండి. అందులో పొటాషియం ఎక్కువ, సెషన్ తప్పినవాళ్లకి అది గుండెనే ఆపెయ్యగలదు.

ప్రశ్న: మనకీ వస్తుందా? (ఇంటర్ విద్యార్థిని, రాజాం)

పెద్దది వచ్చే అవకాశం తక్కువమ్మా. ఫిలిప్పీన్స్‌కి రెండు వైపులా సముద్రం అడుగున భూఫలకాలు ఒకదాని కిందికి ఒకటి దూరుతున్నాయి, మన కింద అలాంటిది లేదు. మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్ని తక్కువ ప్రమాదమున్న రెండో జోన్‌లో లెక్కేస్తూ వచ్చారు. అలాగని అసలు రాదనీ కాదు, 1969లో భద్రాచలం దగ్గర 5.7 వచ్చింది, 2024 డిసెంబరు 4న ములుగులో 5.3 వచ్చింది. బొహోల్లో 2013లో 7.2 తెచ్చిన భూమి లోపలి పగులు గురించి అప్పటిదాకా శాస్త్రవేత్తలకే తెలీదు. భూకంపం తర్వాత చూస్తే ఇనబాంగ అనే చోట పొలాల మధ్య నేల మూడు మీటర్ల గోడలా లేచి ఉంది. నువ్వు చదువుకునే గదిలో మంచం పక్కన బరువైన బీరువా ఉంటే గోడకి క్లాంపు కొట్టించమని నాన్నగారికి చెప్పు, దానికి పెద్దగా ఖర్చు కాదు.