తూకానికి అమ్మితే పూల పనికి కూలేదీ?

ప్రశ్న: మేం ఇత్తడి దీపపు కుందులు పోతపోసి చేస్తాం. కొట్టువాళ్లు కిలో ఇంత అని తూకం వేసి తీసుకుంటారు. నున్నటి కుందులకీ, పూల పని చేసినవాటికీ ఒకటే రేటు. ధర ఎలా కట్టాలి?
– ఒక పాఠకుడు, సారవకోట మండలం, శ్రీకాకుళం జిల్లా

జవాబు: తూకం లోహానికి చెల్లుతుంది, పనికి చెల్లదు. ముందు ఈ రెండింటినీ విడదీయండి. 1.2 కిలోల జతతో లెక్క చూద్దాం. ఇక్కడి రేట్లు లెక్క తెలియడానికి వేసినవి, మీ దగ్గర నడిచేవి పెట్టుకోండి.

ఎక్కువమంది పొరపడేది తరుగు దగ్గర. 10 కిలోలు మూసలో (లోహం కరిగించే కుండలో) వేస్తే 7 కిలోల సరుకు వచ్చింది, పోతకాడలూ (పోత దారుల్లో గట్టిపడిన లోహం) ఆకురాయి రజనూ కలిపి 2.5 కిలోలు చేతికొచ్చాయి అనుకోండి. అర కిలో పోయింది. ఇత్తడి కరిగేది 900 డిగ్రీల సెల్సియస్ దాటాక, అందులోని జింకు 907 దగ్గరే ఆవిరవుతుంది. మూస మీద లేచే తెల్లటి పొగ అదే, మీ డబ్బే అలా పోతోంది. (ఆ పొగ పీలిస్తే రాత్రికి చలిజ్వరం వస్తుంది. అది మీ మీదికి రాని వైపు నిలబడండి.) మిగతాది చిట్టెంలో (కరిగిన లోహం మీద తేలే మడ్డిలో) పోతుంది. ఈ అర కిలోని 10 మీద వేసి 5 శాతం అంటారు. అమ్మేది 7 కిలోలే కదా, దాని మీద వేయాలి: కిలోకి 71 గ్రాములు. అంటే మన జతకి 1.286 కిలోల లోహం. కిలో రూ.600 చొప్పున రూ.772.

బొగ్గు, మైనం, బ్లోయర్ కరెంటు కలిపి ఆ పోతకి రూ.840 అయితే, 7తో భాగిస్తే కిలోకి రూ.120, జతకి రూ.144.

ఇక కూలి. రోజుకి రూ.700 అనుకుంటే 8 గంటలతో భాగించకండి. సరుకు కొనడం, కట్టడం, బేరాలు పోగా పని మీద కూర్చునేది ఆరు గంటలే. గంటకి రూ.117. నున్నటి జతకి 3 గంటలైతే రూ.351, పూల జతకి 7 గంటలైతే రూ.819.

పదింట ఒకటి బెజ్జాలు పడి తిరిగి మూసలోకి పోతుంది. అచ్చు సరిగా ఆరకపోతే లోపలి తడి ఆవిరై లోహంలో బుడగలు కడుతుంది. లోహం దక్కుతుంది గానీ బొగ్గూ కూలీ దక్కవు. నున్నటి జత బొగ్గు, కూలి రూ.495. దాన్ని మంచివి తొమ్మిదిటికి పంచితే రూ.55. బెజ్జాలు ఆకురాయి పట్టినప్పుడే బయటపడతాయి, అప్పటికి పూలు చెక్కి ఉండరు కాబట్టి పూల జతకీ రూ.55 చాలు.

మొత్తం నున్నటిది రూ.1322, పూలది రూ.1790. 15 శాతం లాభం కలిపితే రూ.1520, రూ.2058. ఒకే రేటుకి ఇస్తున్నారంటే ప్రతి పూల జత మీదా రూ.538 వదిలేస్తున్నారు. కొట్టువాడు తూకమే కావాలంటే రెండు రేట్లు చెప్పండి: నున్నటివి కిలో రూ.1267, పూలవి రూ.1715.

ప్రశ్న: చిన్న పనస వీణలు చేస్తాం. మాకు రూ.1400 రావాలి. షోరూం 30 శాతం కమిషన్ అడుగుతోంది. 30 శాతం కలిపి రూ.1820 పెడితే సరిపోతుందా?
– ఒక పాఠకురాలు, బొబ్బిలి, విజయనగరం జిల్లా

జవాబు: సరిపోదమ్మా. వాళ్లు 30 శాతం తీసేది అమ్మకం ధర మీద. 1820లో రూ.546 పోతే మీకు మిగిలేది రూ.1274. రూ.1400ని 0.7తో భాగించండి: రూ.2000 పెట్టాలి. ఇంటి దగ్గర అమ్మినా అదే ధర చెప్పండి. లేకపోతే షోరూంలో చూసినవాళ్లు మీ గుమ్మం ముందుకొస్తారు, షోరూం సరుకు తీసుకోవడం మానేస్తుంది.

పాడై తిరిగొచ్చిన వీణ ఎవరి ఖాతాలో పడుతుందో ముందే కాగితం మీద రాయించుకోండి. పనస చెక్క పూర్తిగా ఆరకుండా చేసిన వీణ ఏసీ గదిలో పెడితే బీటలిస్తుంది. అది మాత్రం మీదే పూచీ.