లాక్‌డౌన్‌లో పక్షవాతం వచ్చినవాళ్లకు వైద్యం ఆలస్యమైంది ఆంక్షల వల్లా, జనం భయం వల్లా?

రెండిటి వల్లా. మా ఇంట్లో జరిగింది గంటలతో సహా చెప్తాను, ఎవరి వాటా ఎంతో మీరే లెక్కేసుకోండి.

2020 ఏప్రిల్ రెండో వారం. నేను హైదరాబాద్‌లో గదిలో ఇరుక్కుపోయాను, అమ్మానాన్న ప్రకాశం జిల్లాలో మా ఊళ్లో. పొద్దున ఆరుముప్పావుకి నాన్న మొహం కడుక్కుంటుంటే చెంబు జారిపోయింది. వంగి తీసుకోబోతే కుడిచెయ్యి లేవలేదు. మూతి ఓ పక్కకి పోయినట్టుందని అమ్మ ఏడింటికి నాకు ఫోన్ చేసింది. నేనన్న మాట ఇది: "ఇప్పుడు ఒంగోలు తీసుకెళ్తే లేని కరోనా అంటుకుంటుంది. ఆర్‌ఎంపీని పిలిపించు, సాయంత్రం దాకా చూద్దాం." పట్నంలో ఉద్యోగం చేసే కొడుకుని కదా, ఇంట్లో నా మాట చెల్లుతుంది.

ఆర్‌ఎంపీ వచ్చి, బీపీ 190 ఉందని నాలుక కింద మాత్ర పెట్టి సెలైన్ ఎక్కించాడు. ఆయన్ని ఏమీ అనలేను, ఆ రోజుల్లో పిలిస్తే గడపలోకొచ్చిన వైద్యుడు ఆయనొక్కడే. కానీ మెదడులో రక్తనాళం పూడుకుపోయినప్పుడు బీపీని ఒక్కసారిగా దించేస్తే, అందే కాస్త రక్తం కూడా అందదని తర్వాత న్యూరాలజిస్టు చెప్తే తెలిసింది. తొమ్మిదికల్లా నాన్నకి మాట పడిపోయింది.

108కి చేస్తే, మా మండలం బండి ఎవరినో క్వారంటైన్‌కి తీసుకెళ్లిందనీ, వచ్చాక కడిగి మందు కొట్టాలనీ అన్నారు. చివరికి పెదనాన్న కొడుకు కారు తీశాడు. అప్పటికి తొమ్మిదీ నలభై.

ఒంగోలు మామూలుగా ముప్పావుగంట. పక్క ఊరివాళ్లు రోడ్డుకి అడ్డంగా తుమ్మకంప కొట్టిపడేశారు, బయటివాళ్లు రాకూడదని. బతిమాలినా తియ్యలేదు. వెనక్కి తిరిగి కాలవ కట్ట మీద పోవాల్సొచ్చింది. ఆంక్షలంటే అందరూ పోలీసుల్నే అంటారు గానీ, చెక్‌పోస్టులో కానిస్టేబుల్ నాన్న మొహం చూసి కాగితమైనా అడక్కుండా గేటెత్తాడట. సర్కారు ఉత్తర్వుల్లో ఆస్పత్రికి పోయేవాళ్లకి మినహాయింపు ఉంది. ఆ కంపకి మాత్రం ఏ ఉత్తర్వూ లేదు.

పదీ యాభైకి మొదటి ఆస్పత్రి. గేటు దగ్గరే నుదుటికి గన్ పెట్టి చూశారు, జ్వరం లేదు. అప్పుడే నాన్న దగ్గాడు. అది నలభై ఏళ్ల చుట్ట దగ్గు, మా వైపు పొగాకు రైతుల్ని ఎవరిని కదిలించినా వినిపిస్తుంది. ఆ రోజు మాత్రం "దగ్గు కేసు తీసుకోం, పెద్దాస్పత్రికి పొండి" అన్నారు. ఇరవై నిమిషాలు పోయాయి.

రెండో చోట చేర్చుకున్నారు, పదకొండూ ఇరవైకి. పక్షవాతం గురించి ఒక్క సంగతైనా తెలియాలంటే ఇది తెలియాలి: రక్తం గడ్డ అడ్డుపడి వచ్చిన పక్షవాతమైతే, దాన్ని కరిగించే ఇంజెక్షన్ మామూలుగా లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి. ఆరుముప్పావుకి నాలుగున్నర కలిపితే పదకొండుంబావు. మేం ఐదు నిమిషాలు దాటి గేటు దగ్గరున్నాం. ఐదు నిమిషాల ముందొచ్చినా దక్కేది కాదనుకోండి. తలకి సీటీ స్కాన్ తీసి, రక్తస్రావం కాదని తేలాకే ఆ మందు ముట్టుకుంటారు. మా ముందు కరోనా అనుమానం ఉన్న మనిషికి స్కాన్ తీశారట, గది శుభ్రం చేసేదాకా ఆగాం. తలతో పాటు ఛాతీకీ తీశారు. పీపీఈ కిట్లలో ఉన్నవాళ్ల మాట అమ్మకి వినపడలేదు, అమ్మ చెప్పేది వాళ్లకి సరిగ్గా అందలేదు. లోపలికి ఒక్కర్నే రానిచ్చారు. పన్నెండూ ఐదుకి రిపోర్టు వచ్చింది. గడ్డే.

పెద్ద రక్తనాళం మూసుకుపోతే, గజ్జ దగ్గర్నుంచి సన్నటి గొట్టం పంపి గడ్డని లాగేసే పద్ధతి ఉంది. స్కాన్ చూసి ఎంపిక చేసిన కొందరికి 24 గంటల దాకా చేస్తారు. నాన్నది చిన్న నాళం, దానికి పనికిరాదన్నారు.

ఇప్పుడు లెక్క. ఏడు నుంచి తొమ్మిది దాకా రెండు గంటలు నావి. బండి కోసం నలభై నిమిషాలు, కంప వల్ల పాతిక, మొదటి ఆస్పత్రి దగ్గర ఇరవై, స్కాన్ దగ్గర ఇంకొంచెం, ఇవన్నీ కరోనా కాలానివి. అన్నీ కలిపినా నా రెండు గంటలంత కావు.

మాదొక్కటే కాదు. 70 దేశాల ఆస్పత్రుల లెక్కలు తీస్తే, కరోనా మొదటి నెలల్లో పక్షవాతంతో చేరినవాళ్లు అంతకుముందుకన్నా 11 శాతానికి పైగా తగ్గారు, కరిగించే ఇంజెక్షన్ 13 శాతం దాకా తగ్గింది. జబ్బు రావడం తగ్గి కాకపోవచ్చు, చాలామంది ఇంట్లోనే ఉండిపోయి ఉంటారు. అందులోనూ చెయ్యి తిమ్మిరెక్కి గంటలో సర్దుకున్నవాళ్లు. అసలు పరిగెత్తాల్సింది అప్పుడే, పెద్దదానికి అది ముందస్తు హెచ్చరిక.

ఇంటికొచ్చాక ఇంకో నష్టం, దాని గురించి ఎవరూ మాట్లాడరు. మొదటి మూడు నెలల్లో చేయించే వ్యాయామం వల్లే ఎక్కువ కోలుకుంటారు. మాకు ఫిజియోథెరపిస్టు జూన్ దాకా ఊళ్లోకి రాలేదు. వీడియో కాల్‌లో ఆయన చెప్తుంటే అమ్మ చేయించేది, సిగ్నల్ పోతే నాన్న చెయ్యి పట్టుకుని అలాగే కూర్చునేది.

నాన్న ఇప్పుడు కర్రతో నడుస్తాడు, అన్నం ఎడమచేత్తో తింటాడు. మాట చాలావరకు వచ్చింది. ఆ రోజు వద్దన్నది నేనేనని అమ్మ ఆయనకి ఇంకా చెప్పలేదు.