పాత వాల్వు రేడియోలో కండెన్సర్లన్నీ మార్చాల్నా?

తాతగారి వాల్వు రేడియోలో కండెన్సర్లన్నీ పీకి కొత్తవి వేయాల్నా, లేక సీరీస్ బల్బు (కరెంటు దారిలో వరసగా కలిపే ఫిలమెంట్ బల్బు) పెట్టి మెల్లగా కరెంటిస్తే పాతవే దారికొస్తాయా అనడిగినారు. దారికొస్తే కరెంటును చదును చేసి హమ్ ఆపే ఫిల్టర్ కండెన్సర్లు రావాల, అదీ అదృష్టం బాగుంటే. మైనం పూసిన పేపర్ కండెన్సర్లకి ఆ వైద్యం పనిచేయదు, లోపలికి చెమ్మ పోయి కరెంటు లీకయితాంటాది, టెస్ట్ కూడా చేయొద్దు, తీసి పారేయండి. మైకావి, సెరామిక్‌వి మాత్రం ముట్టుకోవద్దు. యూట్యూబ్ చూసి అన్నీ ఒక్కసారే కత్తిరించి కుప్పబోసేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మంట. ఒకటి మార్చు, ఆన్ చేయి, విను, ఇంకోటి మార్చు, అంతే.

ప్రొద్దుటూరులో మా మామ సెట్టు గుయ్యిమని హమ్ కొడతాంటే బజార్లో ఒకాయన ఫిల్టర్లు రెండూ మార్చిచ్చినాడు. హమ్ పోయింది గానీ కొంచేపు పాడినాక గొంతు బొంగురుపోయేది, వెనక అట్ట తీసి చూస్తే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ చెయ్యి పెట్టలేనంత వేడి. ఆయన్నే మళ్లీ అడిగితే "వాల్వు పోయింది సార్, యాడా దొరకదు, బ్లూటూత్ బోర్డు పెట్టుకోండి" అన్నాడంట. ఈ బ్లూటూత్ బ్యాచ్ గురించి మాట్లాడితే నాకు బీపీ లేస్తాది, స్టేషన్ తిప్పే బంగారం లాంటి గ్యాంగ్ కండెన్సర్, సిగ్నల్‌ను వడగట్టే ఐఎఫ్‌టీ కాయిళ్లు పాతసామాన్లోనికేసి, చవక బోర్డొకటి లోపల అతికించి వింటేజ్ అని అమ్ముకుంటాండారు.

నేను స్పీకర్‌ను నడిపే అవుట్‌పుట్ వాల్వు ఈఎల్ 84 రెండో పిన్ను, అంటే దాని గ్రిడ్డు మీద మీటర్ పెట్టినా. ఆ సెట్లో అక్కడ సున్నా ఉండాల. ప్లస్ 8 వోల్టులు చూపిచ్చి, వేడెక్కే కొద్దీ ఇంకా పైకి పోతాంది. సెట్టు ఆపి, ఫిల్టర్లు డిశ్చార్జ్ చేసి, ముందరి వాల్వు ప్లేటు నుంచి గ్రిడ్డుకొచ్చే కప్లింగ్ కండెన్సర్ (పాటను పోనిచ్చి ప్లేటు మీది డీసీని ఆపేది) ఒక కాలు సోల్డర్ తీసి మళ్లీ ఆన్ చేస్తే గ్రిడ్డు మీద వోల్టేజీ సున్నాకి పడిపోయింది, అంటే వాల్వు గుండ్రాయి మాదిరుంది, దొంగ ఈ కండెన్సరే. మైనం కారి, దుమ్ము పట్టి, నెంబర్లు కూడా కనపడవు. తమాషా ఏందంటే మల్టీమీటర్లో పెడితే విలువ కరెక్టుగానే చూపిచ్చింది! మీటర్ ఇచ్చేది ఒకట్రెండు వోల్టులు, సెట్లో దాని మీద పడేది వందల్లో, అందుకే టెస్ట్ చేయొద్దన్నా.

0.01 మైక్రోఫారడ్, 630 వోల్టుల ఫిల్మ్ కండెన్సర్, గోరంత ఉంటాది, వేసినా. కడప స్టేషన్ 900 కిలోహెర్ట్జ్ మీద గంట కొట్టినట్టు పలికింది. కాకపోతే గరగర రాకుండా ఇంట్లో ఎల్‌ఈడీ బల్బులన్నీ ఆపాల్సొచ్చింది, అది వేరే రామాయణం. మామేమో "ఈ బుడ్డదానికా అబ్బీ, వాడు సెట్టే లోపల తీసేయమన్నాడు" అని వాణ్ణి ఒకటే తిట్లు.

ఫిల్టర్లు మార్చేటప్పుడు పెద్దది వేస్తే మంచిదని 220 మైక్రోఫారడ్‌ది వేసేయొద్దు. ఏసీని డీసీ చేసే రెక్టిఫయర్ వాల్వు ఈజెడ్ 80 అయితే దాని పక్కనుండే మొదటి కండెన్సర్ 50 మైక్రోఫారడ్ దాటకూడదు, వాల్వు చస్తాది.

ఇంకోటి, మీ సెట్లో యూఎల్ 84 లాంటి యూ రకం వాల్వులుంటే ఛాసీకే (లోపలి ఇనుప చట్రానికే) మెయిన్స్ తగులుకొని ఉండొచ్చు, ప్లగ్గు తిప్పి పెడితే ఫేజ్ నేరుగా ఛాసీ మీదికొస్తాది. వాల్వుల నెంబర్లు ఫోటో తీసి పెట్టండి, చూసి చెప్తా, అంతవరకూ ప్లగ్గు పెట్టొద్దు.