బడిపిల్లలా, ఇంటి పెద్దవారా: నర్సింగ్ డిసర్టేషన్‌కు ఏ అంశం తీసుకోవాలి?

కమ్యూనిటీ హెల్త్ నర్సింగ్‌లో ఎమ్మెస్సీ రెండో సంవత్సరం చదువుతున్నానని, డిసర్టేషన్‌కు (చదువులో భాగంగా చేసి రాసే పరిశోధనకు) బడిపిల్లల రక్తహీనత తీసుకోవాలో అరవై దాటినవారి బీపీ తీసుకోవాలో తేల్చుకోలేకపోతున్నానని, అసలు మన పరిశోధనల వల్ల ఎవరి ఆరోగ్యమైనా బాగుపడుతుందా అన్న అనుమానం కూడా ఉందని మీరు రాశారు. ఈ రెండు అంశాల మీదా నేను పనిచేశాను. మొదటిదాని మీద విద్యార్థినిగా, రెండోదాని మీద అధ్యాపకురాలిగా. మీ అనుమానానికే ముందు జవాబు చెబుతాను. అది తీరితే అంశం ఎంచుకోవడం పెద్ద కష్టం కాదు.

నా డిసర్టేషన్ గుంటూరు జిల్లాలోని ఒక ఉన్నత పాఠశాలలో, తొమ్మిదో తరగతి బాలికలు 60 మందితో జరిగింది. మన కళాశాలల్లో ఏళ్ళ తరబడి నడుస్తున్న పద్ధతే నాదీ: రక్తహీనత గురించి ముప్పై ప్రశ్నలతో ప్రీ టెస్ట్, చార్టులు, ఫ్లాష్ కార్డులతో ముప్పావుగంట పాఠం, ఏడో రోజున అదే ప్రశ్నావళితో పోస్ట్ టెస్ట్. మార్కులు బాగా పెరిగాయి. ముందు, తర్వాతి మార్కులను పోల్చే పెయిర్డ్ టీ టెస్టు అనే గణాంక పరీక్షలో తేడా స్పష్టంగా వచ్చింది. వైవాలో (మౌఖిక పరీక్షలో) ఎవరూ గట్టిగా ఒక్క ప్రశ్న కూడా వేయలేదు. అయితే పోస్ట్ టెస్ట్ పూర్తయిన రోజు మధ్యాహ్నం, తరగతి గది వెనక కుళాయి దగ్గర చేతులు కడుక్కుంటూ కాలువలోకి చూస్తే నీలం రంగు మాత్రలు కనబడ్డాయి. వంగి లెక్కపెట్టాను. పదిహేడు ఉన్నాయి. కొన్ని నానిపోయి సిమెంటు మీద మరకలుగా మిగిలాయి. ఇనుము మాత్ర ఎందుకు వేసుకోవాలన్న ప్రశ్నకు అంతకు గంట ముందే సరైన జవాబు గుర్తించిన పిల్లలు పారేసిన మాత్రలవి.

వారిలో ఒక అమ్మాయిని పక్కకు పిలిచి, తిట్టనని మాట ఇచ్చి అడిగాను. "పొద్దున ఏమీ తినకుండా వస్తాం మేడం, ప్రార్థన అవగానే మాత్ర ఇస్తారు, కడుపులో తిప్పుతుంది" అని చెప్పింది. నా ముప్పై ప్రశ్నల్లో ఒక్కటి కూడా ఈ సంగతిని అడగలేదు. మన డిసర్టేషన్లలో అమెరికా నర్సింగ్ సిద్ధాంతకర్త నోలా పెండర్ 1982లో ప్రతిపాదించిన ఆరోగ్య వర్ధన నమూనాను ఒక పటంగా గీసి రెండో అధ్యాయంలో పెట్టుకుంటాం కదా, నేనూ పెట్టుకున్నాను. ఒక మంచి అలవాటుకు అడ్డం వస్తున్నదేమిటని ఆ మనిషి అనుకుంటున్నారో తెలుసుకోవడం ఆ నమూనాలో ఒక ముఖ్యమైన భాగం. పటం గీశాను గానీ ఆ అడ్డంకి ఏమిటని పిల్లలను అడగలేదు. ప్రధానోపాధ్యాయురాలితో మాట్లాడి మాత్ర ఇచ్చే వేళను మధ్యాహ్న భోజనం తర్వాతకు మార్పించడం నా పరిశోధనలో భాగం కాదు. కానీ ఆ ఏడాది నేను ఆ పిల్లలకు చేసిన మేలు ఏదైనా ఉంటే అది అదొక్కటే.

అందుచేత మీకు నేను గట్టిగా చెప్పేది ఇదే. ఏ వయసువారిని తీసుకున్నా తెలివిడిని కొలిచి ఆపేయకండి, అలవాటును కొలవండి, వీలైతే శరీరంలో వచ్చిన మార్పును కొలవండి. పాఠం చెప్పిన ఏడో రోజుకు మార్కులు పెరగడం సహజం. అది పాఠం విన్నారనడానికి రుజువు అవుతుందే తప్ప ఆరోగ్యం పెరిగిందనడానికి కాదు. నర్సుల పని ఫలితాన్ని ఇలా కొలవడం కొత్త విషయమూ కాదు. 1902లో న్యూయార్క్‌లో కంటి జబ్బులు, తల పేలు, చర్మరోగాలు ఉన్న పిల్లలను బడి నుంచి ఇంటికి పంపేసేవారు. వారికి ఇంటి దగ్గర చికిత్స అందేది కాదు, వారు తిరిగి బడికి వచ్చేవారూ కాదు. అక్కడి సీనియర్ నర్సు లిలియన్ వాల్డ్ చొరవతో లీనా రోజర్స్ అనే నర్సును నాలుగు బడులలో ఒక నెలపాటు ప్రయోగంగా నియమించారు. ఆమె పిల్లలకు బడిలోనే చికిత్స చేసి, ఇళ్ళకు వెళ్ళి తల్లులకు నేర్పింది. గైరుహాజరు బాగా తగ్గడంతో నగరం మరింతమంది నర్సులను తీసుకుంది. అక్కడ కొలిచింది పిల్లల హాజరును. ఎవరికీ ప్రశ్నావళి ఇవ్వలేదు.

రక్తహీనతే తీసుకుంటే కొలవడానికి కావలసినవన్నీ బడిలోనే ఉన్నాయి. 2018లో మొదలైన అనీమియా ముక్త్ భారత్ అనే కేంద్ర ప్రభుత్వ రక్తహీనత నివారణ కార్యక్రమం కింద 10 నుంచి 19 ఏళ్ళవారికి వారానికి ఒకటి చొప్పున 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉన్న నీలం మాత్ర, 5 నుంచి 9 ఏళ్ళవారికి 45 మిల్లీగ్రాముల ఇనుము, 400 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉన్న గులాబీ మాత్ర ఇస్తారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15-19 ఏళ్ళ బాలికల్లో 59 శాతం మందికి రక్తహీనత ఉంది కాబట్టి అవసరం లేదని ఎవరూ అనలేరు. ఎన్ని మాత్రలు ఇచ్చారో రిజిస్టరు చెబుతుంది. ఎన్ని నోట్లోకి వెళ్ళాయో మీరు పక్కన నిలబడి చూడాలి. వారానికి ఒక్క మాత్రే కాబట్టి హిమోగ్లోబిన్‌లో మార్పు చూడాలంటే కొన్ని నెలలు ఆగాలి. 12 నుంచి 14 ఏళ్ళ పిల్లలకు హిమోగ్లోబిన్ డెసిలీటరు రక్తానికి 12 గ్రాములకు తక్కువైతే, 5 నుంచి 11 ఏళ్ళవారికి 11.5 గ్రాములకు తక్కువైతే రక్తహీనతగా లెక్కిస్తారు. వేర్వేరు వయసుల పిల్లలను కలిపి ఒకే గీత పెట్టకండి. ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న పిల్లలకు నులిపురుగుల మాత్ర వేస్తారు. ఆ రోజులు మీ పరిశోధన మధ్యలో పడితే తప్పక రాసి పెట్టుకోండి.

మాటల మధ్యలో ఇంకొకటి. చేతులు కడుక్కోవడం అంశంగా తీసుకున్న నా విద్యార్థిని ఒకరు, పిల్లలను అడగడం మానేసి, కుళాయి దగ్గర పెట్టిన సబ్బును ప్రతి శనివారం వంటింటి త్రాసులో తూచింది. అడిగితే అందరూ సబ్బుతోనే కడుగుతామని చెబుతారు. ఎంత అరిగిందో సబ్బు చెబుతుంది. ఇంత చవకైన, ఇంత నిజాయితీ గల కొలమానాన్ని నేను మరొకటి చూడలేదు.

ఇక పెద్దవారి సంగతి. ఇక్కడ కష్టాలు వేరు. మొదటిది భాష. మా ప్రశ్నావళిలో "రక్తపోటు" అని రాసి పల్లెకు వెళితే, డెబ్బై ఏళ్ళ పెద్దమ్మ ఒకామె "నాకు అట్టాంటియ్యేమీ లేవమ్మా, బీపీ ఒక్కటే" అంది. అనువాదం సరిగా ఉందని ధ్రువపత్రం ఉన్నా ఆ అనువాదం ఆమెది కాదు. బీపీ, షుగర్, గ్యాస్, కళ్ళు తిరగడం వంటి మాటలే వారి తెలుగు, వాటితోనే అడగండి. "పూర్తిగా అంగీకరిస్తాను" మొదలు "అస్సలు అంగీకరించను" వరకు ఐదు గడుల కొలబద్ద కూడా వారి దగ్గర పనిచేయదు. మర్యాద కొద్దీ అన్నింటికీ తల ఊపుతారు. మేము చివరికి ఐదు చింతపిక్కలు చేతిలో పెట్టి, ఎంత కష్టంగా ఉందో అన్ని పిక్కలు నా ముందు పెట్టమని అడిగాం. అప్పటిదాకా "బాగానే ఉందమ్మా" అన్న ఆ పెద్దమ్మ, రాత్రిపూట లేచి దొడ్లోకి వెళ్ళడం ఎంత కష్టమని అడిగినప్పుడు ఐదూ పెట్టి, ఇంకా ఉన్నాయేమోనని అరచేయి తిప్పి చూసుకుంది.

రెండోది కొలత. పొలం నుంచో రేషను దుకాణం నుంచో నడిచి వచ్చినవారికి వెంటనే బీపీ పట్టీ చుట్టకండి. కనీసం ఐదు నిమిషాలు కూర్చోబెట్టి, వీపుకు, చేతికి ఆనుడు ఇచ్చి, మాట్లాడించకుండా మూడుసార్లు చూసి, మొదటిది వదిలి మిగిలిన రెండింటి సగటు తీసుకోండి. ఆ తర్వాత నిలబెట్టి మూడు నిమిషాల్లోపు మళ్ళీ చూడండి. పై అంకె 20 లేదా అంతకంటే ఎక్కువ పడిపోతే వారు లేచినప్పుడు తూలి పడే ప్రమాదం ఉందన్నమాట. అలాంటివారిని మీ పరిశోధన ముగిసేదాకా ఆపకుండా అదే రోజు ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పంపాలి.

మూడోది చాలామంది పడే గొయ్యి. బీపీ ఎక్కువ ఉన్నవారినే ఏరి తీసుకుని, వారికి పాఠం చెప్పి, నెల తర్వాత తగ్గిందని రాస్తారు. ఎవరి బీపీ అయినా రోజుకొక తీరుగా ఉంటుంది. ఎక్కువగా ఉన్న రోజున ఏరిన మనుషులను మరో రోజు కొలిస్తే, మనం ఏమీ చేయకపోయినా సగటు కొంత కిందికి వస్తుంది. అలాగే ఎరిగిన నర్సు చేతిలో రెండోసారి భయం తగ్గినా కిందికి వస్తుంది. పాఠం అందని మరో గుంపును అదే తీరుగా ఏరి, అదే తీరుగా కొలిస్తే తప్ప మీ పాఠం వాటా ఎంతో తెలియదు. మీ గైడ్ గారు ఒకే గుంపు చాలంటే, దయచేసి మర్యాదగానే ఈ మాట చెప్పి రెండో గుంపు కోసం పట్టుబట్టండి. రెండో గుంపులోని వారికి పరిశోధన ముగిశాక అదే పాఠం చెప్పి రావడం మన ధర్మం.

ఇప్పుడు మీ ప్రశ్న: వీరా, వారా? పల్నాడు, ప్రకాశం జిల్లాల పల్లెల్లో, తల్లిదండ్రులు పని కోసం హైదరాబాదుకో బెంగళూరుకో వెళ్ళిపోయి, పిల్లలు అమ్మమ్మ, నాయనమ్మల దగ్గర ఉండి చదువుకునే ఇళ్ళు ఎన్నో చూశాను. ఆ ఇళ్ళలో మీరు అడిగిన ఇద్దరూ ఒకే పొయ్యి మీద వండిన కూర తింటారు. నేనైతే ఆ ఇంటినే అంశంగా తీసుకుంటాను. ఇది నా ఊహ మాత్రమే కాదు. చైనాలో షాంక్సీ రాష్ట్రంలోని చాంగ్జీ నగరంలో 28 ప్రాథమిక పాఠశాలల్లో, ఉప్పు తగ్గించడం గురించి పిల్లలకు ఒక టర్ము పాటు నేర్పి, ఆ మాట ఇంటికి తీసుకువెళ్ళమని చెప్పిన పరిశోధన ఫలితాలు 2015లో వెలువడ్డాయి. ఇరవై నాలుగు గంటల మూత్రం సేకరించి కొలిస్తే, పాఠం అందని బడులతో పోల్చినప్పుడు పిల్లల ఉప్పు వాడకం రోజుకు 1.9 గ్రాములు, ఇంటి పెద్దలది 2.9 గ్రాములు తగ్గింది. పాఠం విన్నది పిల్లలు. ఎక్కువ మేలు పొందింది పెద్దలు.

మీకు మూత్రం సేకరించే వసతి ఉండదు. ఉప్పు ప్యాకెట్ ఉంటుంది. కిలో ప్యాకెట్ విప్పిన రోజు, అయిపోయిన రోజు రాయించండి. నలుగురున్న ఇంట్లో అది ముప్పై రోజులు వస్తే మనిషికి రోజుకు 8 గ్రాములకు పైనే పడుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే హద్దు 5 గ్రాములు. ఆవకాయ, అప్పడాలు, బయట తిన్న మిక్చరు ఈ లెక్కలోకి రావు. పైగా కూరగాయలు కడగడానికి, పచ్చళ్ళు పెట్టడానికి వాడిన ఉప్పును విడిగా అడిగి తీసేయాలి. లోపాలున్న కొలతే అయినా "మీరు ఉప్పు తక్కువ తింటారా" అన్న ప్రశ్న కంటే చాలా మేలు. మేము ఒక ఊళ్ళో ఈ పని ఎనిమిదో తరగతి పిల్లలకు అప్పగించాం. ఒక అబ్బాయి ఉప్పుతో ఆగకుండా, నాయనమ్మ బీపీ మాత్రల పట్టీ వెనక ప్రతి గడి పక్కనా తేదీలు వేశాడు. బీపీ తగ్గిందని ఆమె మధ్యలో తొమ్మిది రోజులు మాత్ర మానేసిన సంగతి ఆశా కార్యకర్తకూ, మాకూ ఆ తేదీలు చూశాకే తెలిసింది.

ఇలాంటి పరిశోధనకు, అందులో పాల్గొనేవారికి అన్యాయం జరగకుండా చూసే ఎథిక్స్ కమిటీ దగ్గర కొంచెం ఎక్కువ కాగితాలు కావాలి. 2017 నాటి ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) మార్గదర్శకాల ప్రకారం తల్లిదండ్రుల అంగీకారంతో పాటు 7 నుంచి 11 ఏళ్ళ పిల్లల సమ్మతిని నోటిమాటగా, 12 నుంచి 18 ఏళ్ళవారి సమ్మతిని రాతపూర్వకంగా తీసుకోవాలి. తల్లిదండ్రులు ఊళ్ళో లేని ఇళ్ళలో ఆ అంగీకారం ఎలా తీసుకుంటారో ముందే రాయండి, కమిటీ తప్పక అడుగుతుంది. చదువురాని పెద్దవారి దగ్గర వేలిముద్ర తీసుకునేటప్పుడు మీకు సంబంధం లేని సాక్షి ఒకరు పక్కన ఉండాలి. ఒకే బడిలోని పిల్లలను రెండు గుంపులుగా విడదీయకండి. భోజనం వేళలో వారు ఒకరికొకరు అన్నీ చెప్పేసుకుంటారు. బడులనే విడదీయండి, అటు రెండు, ఇటు రెండైనా ఉండేలా చూసుకోండి. ఒక బడికి ఒక బడిని పోలిస్తే తేడా మీ పాఠానిదో, ఆ ఊరిదో చెప్పలేరు.

జూన్ 12 ప్రాంతంలో బడులు తెరుస్తారు. పిల్లలు కుదురుకున్నాక జూలైలో మొదలుపెట్టి సంక్రాంతి సెలవులలోపు చివరి కొలతలు ముగించండి. ఆ తర్వాత బడిలో అందరి దృష్టీ పరీక్షల మీదే ఉంటుంది. నెల మొదటి తేదీన పింఛను కోసం పెద్దవారందరూ ఇళ్ళ దగ్గరే దొరుకుతారు గానీ ఆ రోజు బీపీ చూడకండి, వారి మనసు గుమ్మం వైపే ఉంటుంది. ఉప్పు ప్యాకెట్ల మీద తేదీ వేయడానికి పిల్లలకు మార్కర్లు ఇవ్వండి. నూనె చేతులు తగిలితే పెన్ను రాత చెరిగిపోతుంది. మొదటి నెల మా తేదీలు సగం అలాగే పోయాయి.