అమృతం తేబోయే మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి మామయ్య దీవించి రాయునది.

ఉద్యోగం మానేసి సినిమా తీస్తున్నావనీ, పురాణకాలంలో పోయిన మణిని వెతుక్కుంటూ వెళ్లే కుర్రాడి కథ అనీ మీ అమ్మ ఫోన్లో చెప్పి ఏడ్చింది. నేనూ నిన్ను నాలుగు తిట్టాను. ఫోను పెట్టేశాక మాత్రం కాసేపు ఒక్కణ్ణే నవ్వుకున్నాను. మనింట్లో ఇంకొకడికి ఈ పిచ్చి అంటుకుందన్నమాట.

మామూలు జాగ్రత్తలు నీకు తెలిసినవే. స్క్రిప్టు రిజిస్టర్ చేయించు. ఏ ఒప్పందమైనా కాగితం మీద ఉండాలి. గ్రాఫిక్స్ షాట్లు ముందే బొమ్మలు గీయించుకో.

ఇక నీకు ఎప్పుడూ చెప్పని సంగతి. నేనూ ఒకప్పుడు ఇలాంటి కథే రాశాను. గరుత్మంతుడి కథకి ఈ కాలం బట్టలు తొడిగాను. వినత కద్రువకి దాసి, ఆమెని విడిపించాలంటే కొడుకు అమృతం తేవాలి కదా. నా కథలో అమృతం బదులు రాగిరేకు, దాస్యం బదులు అప్పు కింద వెట్టిచాకిరీ. మొదట్లో ఒక చిన్న సీను ఉండేది. తల్లి పెద్దింట్లో అంట్లు తోముతుంటే కొడుకు వస్తాడు. ఆవిడ బూడిద చేతులు వెనక్కి దాచుకుంటుంది. అంతే, డైలాగు లేదు.

ఎడిటింగ్ దగ్గర లెంగ్త్ ఎక్కువైంది. గుహ సెట్టుకి బోలెడు ఖర్చయింది, దాన్ని కొయ్యలేం, అంట్ల సీను తీసేద్దాం అన్నారు. అన్నది ఎవరో కాదురా, నేనే.

మార్నింగ్ షోలో వెనక వరసలో కూర్చున్నాను. హీరో రేకు పట్టుకుని గుహలోంచి బయటికొచ్చాడు. చప్పట్లు పడతాయని చూస్తున్నాను. నా ముందాయన పక్కవాణ్ణి అడిగాడు: "ఇంతకీ వీడికి అదెందుకట?" పక్కవాడు కాళ్లతో చెప్పులు వెతుక్కుంటున్నాడు. సినిమా వారం ఆడలేదు. నిర్మాత పొలం అమ్మి బయ్యర్లకి సర్దుబాటు చేశాడు. నన్ను పల్లెత్తు మాట అనలేదు. అంటే బాగుండేది.

అసలు కథలో ఆ అమృతాన్ని కద్రువ పిల్లలైన పాములు తాగనే లేదు, గుర్తుందా? గరుత్మంతుడు దర్భల మీద పెట్టాడు, ఇంద్రుడు ఎత్తుకుపోయాడు, పాములు దర్భలు నాకి నాలుకలు చీల్చుకున్నాయి. అయినా అమ్మమ్మ చెబుతుంటే మనమెవరం నిరాశపడలేదు. వినత బయటపడింది కదా! 1951లో వచ్చిన పాతాళ భైరవి మళ్లీ చూడు. కోరిందల్లా ఇచ్చే ప్రతిమ చేతికొచ్చాక కూడా హీరో తోట రాముడి కష్టాలు తీరవు. మాంత్రికుడు దాన్నీ రాకుమారినీ కూడా ఎత్తుకుపోతాడు. జనం ఆఖరిదాకా కూర్చున్నది బొమ్మ కోసమా, ఆ పిల్ల కోసమా? నీ మణి ఎవరి చెర విడిపిస్తుందో మొదటి పది పేజీల్లో నాకు కనబడాలి.

అడ్డంకుల సంగతి. నీ సెకండాఫ్‌లో నాలుగు ఫైట్లు ఉన్నాయట. సముద్రం దాటేటప్పుడు హనుమంతుడు ఎన్ని ఫైట్లు చేశాడు? విశ్రాంతి తీసుకోమన్న మైనాకుణ్ణి చేత్తో తాకి మర్యాదగా సెలవు తీసుకున్నాడు. సురస నోట్లోకి బొటనవేలంత అయి దూరి వచ్చేశాడు. నీడ పట్టి లాగిన సింహికని మాత్రం చంపాడు. మూడు చోట్లా మూడు రకాలుగా బయటపడ్డాడు. నీ కుర్రాడు ప్రతిసారీ గుద్దుతూ పోతే ఇంటర్వెల్ తర్వాత నేనే లేచి వచ్చేస్తాను.

దేవుడి కథైతే హిందీలోనూ ఆడుతుందని, 2022 నాటి కార్తికేయ 2 చూపిస్తున్నావట. కృష్ణుడి కడియం కోసం వెతుకులాట, నిజమే. కానీ అది అక్కడ కొద్ది షోలతో మొదలై, చూసినవాళ్లు చెబితే పెరిగింది. దేవుడి పేరుకి ఓపెనింగ్స్ రావచ్చు. సోమవారం మ్యాట్నీకి వచ్చేవాణ్ణి ఆదివారం చూసొచ్చిన పక్కింటాయన పంపాలి.

ఇల్లు తాకట్టు పెడుతున్నావని కూడా విన్నాను. పెట్టకు. మిగతావన్నీ వింటే విను, లేకపోతే మానెయ్, ఇది మాత్రం వినాలి. సెట్టు చిన్నది చేసుకో, గుహ ఒకటి తగ్గించు. పొలం అమ్మిన మనిషి మొహం నేను చూశాను, మీ అమ్మ మొహంలో దాన్ని చూడలేను.

స్క్రిప్టు పంపు. అక్షరాలు పెద్దవిగా ప్రింటు తీయించు, కళ్లద్దాలు మార్చి చాలా కాలమైంది.

మీ మామయ్య