ప్లాటు అమ్మి సెలూన్ పెట్టించాలా?

ప్రశ్న: మా అబ్బాయి బీకాం పూర్తి చేశాడు. హైదరాబాద్‌లో హెయిర్ స్టైలింగ్ కోర్సు చేసి, అవ్వగానే నల్గొండలో ఫ్రాంచైజీ సెలూన్ పెడతానంటున్నాడు. ప్లాటు అమ్మితే డబ్బు సర్దుబాటవుతుంది. మా ఇంట్లో ఎవరికీ ఈ పనితో పరిచయం లేదు. బంధువులు ఏమంటారోనని వాళ్లమ్మ టెన్షన్ పడుతోంది. ఏం చేయమంటారు?
– ఒక తండ్రి, నల్గొండ

జవాబు: కోర్సులో చేర్పించండి. ప్లాటు మాత్రం ఇప్పుడే అమ్మకండి. కత్తెర పట్టడం ఒక పని, సెలూన్ నడపడం ఇంకో పని. మీవాడు రెండూ ఒకేసారి మొదలుపెడదామనుకుంటున్నాడు, అదీ ప్లాటు అమ్మిన డబ్బు పెట్టి.

ఈ రంగంలో అడుగుపెట్టే ప్రతివాళ్లూ వినే పేరు విడాల్ సాసూన్. 1928లో లండన్‌లో ఒక పేద యూదు కుటుంబంలో పుట్టారు. చిన్నతనంలో కొన్నేళ్లు అనాథాశ్రమంలో గడిపారు. పద్నాలుగేళ్లప్పుడు తల్లి తీసుకెళ్లి వైట్‌చాపెల్‌లోని అడాల్ఫ్ కోహెన్ సెలూన్‌లో పనికి పెట్టింది. అక్కడ ముందు చేతికొచ్చిన పని కస్టమర్ల తల కడగడం. బాండ్ స్ట్రీట్‌లో సొంత సెలూన్ తెరిచింది 1954లో. అప్పటికి ఆ పనిలో చేరి పన్నెండేళ్లు. ఆయనకు పేరు తెచ్చిన బాబ్ కట్, ఫైవ్ పాయింట్ కట్ మరో పదేళ్లకు గానీ రాలేదు. అప్పటిదాకా అక్కడి ఆడవాళ్లు వారం వారం సెలూన్‌కి వచ్చి, రోలర్లు చుట్టించుకుని, స్ప్రే కొట్టించుకుని వెళ్లేవారు. తల కడుక్కుని విదిలిస్తే చాలు, జుట్టు దానంతటదే కుదురుకునేలా కత్తిరించడం ఆయన చూపించారు.

నా దృష్టిలో ఆయన వ్యాపార తెలివి అంతా అకాడమీలు పెట్టడంలో ఉంది. తన పద్ధతిని పది మందికి ఒకే తీరుగా నేర్పారు. అందుకే ఆయన లేని బ్రాంచిలో కూడా అదే కట్ దొరికింది. ఒక మనిషి రోజుకు ఎన్ని తలలు చేయగలడు? రెండో కుర్చీ దగ్గర నిలబడేవాడికి పని నేర్పగలిగినప్పుడే అది వ్యాపారం అవుతుంది. కోర్సు అప్పుడే ముగించినవాడు ఇంకొకరికి ఏం నేర్పగలడు?

ఏ కోర్సులోనైనా బేసిక్స్ వస్తాయి. చెయ్యి కుదిరేది మాత్రం రద్దీగా ఉండే సెలూన్‌లోనే. నడినెత్తిన సుడి సంగతే చూడండి. సుడి ఎటు తిరిగిందో చూడకుండా అక్కడ జుట్టు మరీ పొట్టిగా కోస్తే లేచి నిలబడుతుంది, ఇంటికెళ్లాక ఎంత దువ్వినా అణగదు. తడిమీద సరిపోయిందనుకున్న ఉంగరాల జుట్టు ఆరేసరికి పైకి లాక్కుపోతుంది. రంగు వేసే ముందు చెవి వెనక కొద్దిగా రాసి 48 గంటలు ఆగమని ప్యాకెట్ మీదే ఉంటుంది. రేపే పెళ్లి అంటూ వచ్చిన కస్టమర్‌కు ఆ మాట నచ్చజెప్పడం కూడా పనితనమే. ఇవన్నీ వందల తలలు చేతుల్లోంచి వెళ్తే అబ్బుతాయి.

అందుకని కోర్సు తర్వాత కనీసం మూడేళ్లు మంచి సెలూన్‌లో ఉద్యోగం చేయమనండి. మొదట్లో జీతం తక్కువే, నిలబడి నిలబడి కాళ్లు లాగుతాయి. ఆ మూడేళ్లలో కౌంటర్ వెనక జరిగేదీ గమనించమనండి. మంగళవారం మన దగ్గర చాలామంది జుట్టు తీయించుకోరు, ఆదివారం మాత్రం కుర్చీ ఖాళీ ఉండదు. కార్తీకం వచ్చిందంటే అయ్యప్ప మాల వేసుకున్నవాళ్లు 41 రోజులు కత్తెర ముట్టరు. అద్దె, జీతాలు మాత్రం ఏ నెలకానెల కట్టాల్సిందే. బాగా చేసే స్టైలిస్ట్ మానేస్తే అతని కస్టమర్లూ వెంట పోతారు. ఈ లెక్కలు అర్థం చేసుకోవడానికి మీవాడి బీకాం నిజంగా పనికొస్తుంది.

ఇక బంధువుల మాట. నాయీ బ్రాహ్మణులు తరతరాలుగా కాపాడుకొచ్చిన విద్య ఇది. ఈ పనితో పాటు మంగళవాద్యాలు, నాటువైద్యం కూడా వాళ్ల చేతుల్లోనే నిలిచాయి. వాళ్లు ఎన్నో మాటలు పడుతూ నిలబెట్టిన పనిలోకి ఈరోజు అన్ని కులాల పిల్లలూ వస్తున్నారు. మీ ఊళ్లోనే పాతికేళ్లుగా షాపు నడుపుతున్న పెద్దాయన ఎవరైనా ఉంటే మీవాణ్ణి తీసుకెళ్లి పరిచయం చేయండి. ఇతను ఇష్టపడి ఎంచుకున్న పనిని చిన్నచూపు చూసేవాళ్ల కోసం మానుకోమని మాత్రం చెప్పకండి. వాళ్లమ్మతో కూడా ఇదే మాట చెప్పండి.

మూడేళ్లయ్యాక కూడా సొంత షాపే కావాలంటే రెండు మూడు కుర్చీలతో మొదలుపెట్టొచ్చు. చిన్న వ్యాపారాల కోసం ఉన్న కేంద్ర ప్రభుత్వ ముద్ర రుణాల్లో కిశోర్ అనే రకం కింద 5 లక్షలు, తరుణ్ అనే రకం కింద 10 లక్షల దాకా తాకట్టు లేకుండా ఇస్తారు. 2025 సెప్టెంబర్ 22 నుంచి సెలూన్ సేవల మీద జీఎస్టీ 18 శాతం నుంచి 5కి తగ్గింది. అయితే కొన్న సరుకుల మీద, అద్దె మీద కట్టిన పన్ను ఇప్పుడు వెనక్కి రాదు, ధరలు వేసుకునేటప్పుడు అది కలుపుకోవాలి.

ఫ్రాంచైజీ వైపే మొగ్గితే, కాగితాల మీద సంతకం పెట్టేముందు రాయల్టీ, అంటే బ్రాండ్ పేరు వాడుకున్నందుకు కంపెనీకి కట్టే వాటా, దేనిమీద లెక్కగడతారో చూడండి. మామూలుగా అది అమ్మకాల మీదే ఉంటుంది. అంటే నష్టం వచ్చిన నెలలో కూడా కట్టాలి. అదే బ్రాండ్ నడుపుతున్న ఇద్దరు ముగ్గురు ఓనర్లను కంపెనీవాళ్లు లేకుండా విడిగా కలిసి, పెట్టిన డబ్బు ఎన్నేళ్లకు తిరిగొచ్చిందో అడగండి. మీతో పాటు అబ్బాయినీ తీసుకెళ్లండి, ఆ ప్రశ్నలు అతన్నే అడగనివ్వండి.